బొట్టు పెట్టిన అద్దం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పెద్దనాన్న గోవిందరావు, పెద్దమ్మ సత్యవాణి, వాళ్ళిద్దరి మీదా పెత్తనం చేసే మామ్మ సుజాతమ్మ, ఎవరి మీదా ఏ పెత్తనమూ లేని విష్ణుప్రియ. ఐదో లెక్క కూడా వేయాలంటే కెమెరా ఉంది. అది మనిషి కాదు గానీ, ఆదివారం నుంచి ఆ ఇంట్లో దానికి చుట్టానికి జరిగే మర్యాదే జరుగుతోంది. బీరువాలో పై అర దానిదే. ముందుకు పొడుచుకొచ్చిన మూరెడు లెన్సు మీద పెద్దమ్మ పాత పట్టుగుడ్డ కప్పింది. మామ్మ అటుగా వెళ్ళినప్పుడల్లా, "దానికేటి కావాలో కనుక్కోండే, కాఫీ తాగుతాదేమో" అని వేళాకోళమాడేది.

ఆ చుట్టాన్ని ఇంటికి తెచ్చింది విష్ణుప్రియ. అదే వింత. టెక్కలి అవతల పల్లెలో పదో తరగతి దాకా చదివి, వేసవి సెలవుల తర్వాత ఖరగ్‌పూర్‌లో పెద్దనాన్న ఇంటికి వచ్చి పదకొండులో చేరిన ఆ పిల్ల, ఇన్ని నెలల్లో నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. రెండోసారి పులుసు కావలసినా గరిట వైపు చూసి ఊరుకునేది. బడిలో ఒకవైపు హిందీ, ఒకవైపు బెంగాలీ, నెత్తి మీద ఇంగ్లీషు. మూడింటి మధ్యా మాట దాచుకోవడమే సుఖమని తేల్చుకుంది. చెప్పుకోవలసినవన్నీ పడుకునే ముందు నోటుబుక్కులో రాసుకునేది.

అలాంటిది, పోయిన ఆదివారం వీధి చివర తెలుగు లైబ్రరీలో రష్మితను పట్టుకుని, "అక్కా, ఒక్కసారి నాకిస్తావా?" అని అడిగేసింది.

రష్మిత వరంగల్ పిల్ల. ఐఐటీలో మూడో సంవత్సరం. ఆదివారాలు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే ఆ రైల్వే కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పడానికి వస్తుంది. ఆ రోజు తన కెమెరాలో సగం చంద్రుడి బొమ్మ చూపించింది. వెలుగు ఆగి చీకటి మొదలయ్యే గీత వెంట గుంటలు, గుంటల గట్లు, గట్ల నీడలు. విష్ణుప్రియ పుట్టినప్పటి నుంచి చంద్రుణ్ణి చూస్తూనే ఉంది. అక్కడ కూడా కొండకు నీడ పడుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అడిగేశాక తన గొంతు తనకే కొత్తగా వినబడి చెవులు వేడెక్కాయి.

రష్మిత స్టాండుతో సహా ఇచ్చేసింది.

"గురువారం దాక నీ దగ్గరే ఉంచుకో. నాకు పరీక్షలున్నయ్. ఆ రోజు ఏడింటికి వచ్చి తీసుకపోత, శుక్రవారం పొద్దున బండికి ఇంటికి పోతున్న. ఒక్కటే మాట. ముందు అద్దాన్ని ముట్టకు. మరక పడితే తుడవకు. నాకు చెప్పు, అంతే."

సోమవారం వినాయక చవితి. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవని మామ్మ చీకటి పడకముందే కిటికీలు కూడా వేయించింది. మంగళవారం వాన. బుధవారం వాన. గురువారం విశ్వకర్మ పూజ.

ఆ రోజు రైల్వే వర్క్‌షాపులో ఏ యంత్రమూ తిరగదు. లేతు మిషన్లకూ క్రేన్లకూ దండలు వేసి, బొట్లు పెట్టి, ఇంటిల్లిపాదినీ లోపలికి రానిచ్చి చూపిస్తారు. అందులో ముప్ఫై నాలుగేళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్న గోవిందరావు అక్కడి పూజతో ఊరుకోడు. ఇంటికి వచ్చి రెండో పూజ చేస్తాడు. ఇంట్లో పనిముట్టన్నదల్లా కడిగి, తుడిచి, బల్ల మీద కొత్త తువ్వాలు పరిచి పేరుస్తాడు. స్పానర్లు, సుత్తి, ఆకురాయి, పెద్దమ్మ కుట్టుమిషను, కత్తిపీట, మామ్మ అడకత్తెర. ఒక్కొక్కదానికీ గంధం, కుంకుమ. ఒకసారి బొట్టు పడిందా, మర్నాడు పొద్దున్న కొబ్బరికాయ కొట్టేదాకా ఆ వస్తువు పని చేయకూడదు. ఏడాదంతా మనకోసం అరిగే ఇనుముకు ఆ ఒక్కరోజు సెలవు. ఆ నియమం ఆయన ఎన్నడూ తప్పలేదు. ఒక ఏడు మామ్మ వక్క లేక ప్రాణం పోతోందని గోల పెట్టినా అడకత్తెర ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన ముందే ఇంటికి వచ్చేశాడు. విష్ణుప్రియ, పెద్దమ్మ వర్క్‌షాపంతా తిరిగి చూసి వచ్చేసరికి నాలుగైంది. వాన వెలిసింది. వీధి పైన అంతా గాలిపటాలు. ఎవరిదో దారం తెగినప్పుడల్లా పక్క క్వార్టరు డాబా మీంచి "భో కాట్టా!" అని పిల్లల కేకలు. పడమర మబ్బు విడిపోయి నీలం బయటపడుతోంది. ఈ రోజు చంద్రుడు దొరుకుతాడు అనుకుంది విష్ణుప్రియ. చెప్పులు విడిచి నేరుగా బీరువా దగ్గరకు పోయింది.

పై అర ఖాళీ. పట్టుగుడ్డ మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది.

"మామ్మా, కెమెరా..."

"ఎక్కడికి పోతాదే? దేవుడి కాడ ఉంది. మీ పెదనాన్న దానికీ పెట్టినాడు."

ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ పటం కింద, స్పానర్లకూ ఆకురాయికీ మధ్య, కెమెరా వెల్లకిలా ఉంది. లెన్సు పైకప్పు వైపు చూస్తోంది. దాని మూత పక్కన పెట్టి ఉంది. అద్దం సరిగ్గా నడిమధ్యన రూపాయి బిళ్ళంత గంధం, గంధం మీద కుంకుమ. గంధం అప్పటికే ఆరి అంచుల్లో పగులుతోంది.

విష్ణుప్రియ బల్ల అంచు పట్టుకుంది.

గోవిందరావు కొత్త పంచెలో, చేతులకు ఇంకా గంధం వాసనతో వెనకే వచ్చి నిలబడ్డాడు. "సూసినావా అమ్మీ? మీ అక్క వస్తువని యేరుగా సూస్తామేటి? దానికీ పెట్టినాను."

"మూత మీద పెట్టకపోయారా?" అంది పెద్దమ్మ.

"మూత మీద పెడితే ఏటి లాభం? మూత పని సేస్తాదా? సుత్తికి మొహం మీద పెడతాం. కత్తికి వాదర మీద పెడతాం. పనిముట్టుకి పని సేసే సోట పెట్టాలి. ఇది సూసేది దీంతోటే కదా. అందుకే కంటికి పెట్టినాను."

ఆ మాట ఆయన ఎంతో మురిపెంగా అన్నాడు. ఎంత మంచి పనో చేశానని నిలబడ్డ మనిషితో ఎంత పని చేశావని ఎలా అంటుంది? విష్ణుప్రియ తల ఊపింది. పెరట్లోకి పోయి తులసికోట గట్టు మీద కూర్చుంది.

రష్మిత చెప్పినవి మూడు. ముట్టకు. అది అయిపోయింది. తుడవకు. చున్నీ కొంగు చేతిలోనే ఉంది, రెండు నిమిషాల పని. కానీ లోపలికి వచ్చి భరిణెలోంచి చిటికెడు కుంకుమ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా ఉంటుందనుకున్నది గరగరమంది. దీనితో అద్దాన్ని రుద్దితే ఏమవుతుందో తెలియడానికి ఐఐటీ అక్కర్లేదు. మిగిలింది మూడోది. చెప్పు. పెద్దమ్మ ఫోన్‌లో రష్మిత నంబరు ఉంది. విష్ణుప్రియ ఫోన్ రెండుసార్లు తీసింది. రెండుసార్లూ పెట్టేసింది.

రష్మిత తిడుతుందని కాదు. తిట్టదేమో కూడా. "పర్లేదులే" అని పట్టుకుపోతుంది, అంతే. ఇంటి నుంచి తిరిగొచ్చాక మళ్ళీ ఆదివారాలు లెక్కలు చెబుతుంది, కెమెరా మాత్రం సంచిలోంచి తీయదు. తను అడగదు. ఇంకెవరినీ ఇంకేదీ అడగదు. ఈ ఊరికి వచ్చాక నోరు తెరిచి అడిగింది ఒక్కటి. అది ఇలా అయింది.

ఆరున్నరకు ఆకాశంలో మబ్బన్నది లేదు. నైరుతి మూల నీళ్ళ ట్యాంకు పైన, సగానికి కొంచెం తక్కువ చంద్రుడు, కోసి పెట్టినట్టు ఉన్నాడు. యార్డులో ఏదో ఇంజను కూత వేసి ఊరుకుంది. విష్ణుప్రియ గుమ్మంలో నిలబడి ఒకసారి అటు, ఒకసారి బల్ల వైపు చూసింది. ఎటు చూసినా ఏడుపే వస్తోంది.

ఏడింటికి వీధిలో సైకిల్ బెల్లు మోగింది.

"ఏందే, తీసినవా? ఇయ్యాళ మస్తుగున్నడు చంద్రుడు!" రష్మిత గుమ్మంలోంచే అరుస్తూ వచ్చింది. హడావిడిగా తొక్కినట్టుంది, నుదుటి మీద చెమట. వచ్చి, గోవిందరావుకు దండం పెట్టి, బల్ల చూసి, బల్ల మీద తన వస్తువు చూసి ఆగిపోయింది.

 

అప్పుడు విష్ణుప్రియ అంది, అందరికీ వినబడేలాగే. "నా తప్పే అక్కా. బీరువాకి తాళం ఎయ్యనేదు. నేను తుడవనేదు. ముట్టనేదు. నువ్వు చెప్పమన్నావని చెప్తున్నాను."

"తప్పేటి?" అన్నాడు గోవిందరావు. "ఏటయిందని?"

తుడవలేదు, ముట్టలేదు అన్న మాటలు మళ్ళీ తలుచుకున్నాడు. ఆయనకు వెలిగింది. "ఆ అద్దం... ముట్టకూడదా?" అని బల్ల వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. "కొలిచే గేజీలు చేత్తో ముట్టకండ్రా, చెమట అంటుకుంటాది అని ముప్ఫై నాలుగేళ్ళు కుర్రాళ్ళని తిట్టినోణ్ణి. నేనే తీసుకెళ్ళి గంధం పూసినాను. ఒక్క మాట అడగొచ్చు కదా నేను!" ఎవరూ ఎవరినీ ఏదీ అడగని ఇంట్లో ఎవరిని తిట్టుకోవాలో తెలియక తన అరచేతులు చూసుకున్నాడు. "అమ్మీ, ఇందాకట్నుంచీ నీకు తెలుసా? నోరు తెరవవేటి?"

రష్మిత అప్పటికే ఫోన్ లైటు వేసి, బల్ల మీదికి వంగి, లెన్సును పక్కనుంచి చూస్తోంది. ఒక కన్ను మూసింది. అది తెరిచి రెండోది మూసింది. ఉన్నట్టుండి పక్కున నవ్వింది.

"అంకుల్, మీరు లెన్సుకు పెట్టలే."

"మరి?"

"దీని ముందట బిగించిన ఉత్త అద్దానికి పెట్టిండ్రు. ఫిల్టర్ అంటరు. దెబ్బ తగిలితే ఇది పగులుతది, లోపలిది బతుకుతది. కాపలా మనిషి అన్నట్టు. గంధం లోపలికి దిగలే, లోపలి అద్దం చల్లగున్నది." విష్ణుప్రియ వైపు తిరిగింది. "ఏందే, గట్ల చూస్తున్నవ్? నీ లెన్సుకు ఏం కాలే!"

విష్ణుప్రియ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. నాలుగింటి నుంచి ఎక్కడ బిగబట్టిందో, ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చి, దాని వెనకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పిల్లకి మంచినీళ్ళియ్యండే, అలా సూస్తారేటి!" అని మామ్మ కోడలి మీద కేకలేసింది. పెద్దమ్మ నీళ్ళు తెచ్చింది. గోవిందరావు కుర్చీలో కూలబడి తువ్వాలుతో మొహం, మెడ, ఆఖరికి పటం ముందున్న పీట కూడా తుడిచాడు.

"కాకపోతే అది ఊడి రాదు," అంది రష్మిత. "ఏడాది సంది బిగుసుకపోయింది. హాస్టల్ల అందరు తిప్పి చూసిండ్రు. దానితోనే నా బొమ్మలన్నీ ఖరాబు. ఇగో చూడుండ్రి." ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. చంద్రుడి పక్కనే పలచగా ఇంకో చంద్రుడు. "ఇది దొంగ చంద్రుడు. ఈ అద్దంల వెలుగు అటిటు కొట్టుకొని పడుతది. ఇప్పుడు బొట్టు కూడ ఉంది గద, ఇంక ఇయ్యాళ తీసేటట్టు లేదు. పోనీలే, మళ్ళొకసారి."

మళ్ళీ ఎప్పుడో. విష్ణుప్రియ గ్లాసు కింద పెట్టింది. వస్తువు బతికింది, అది చాలనుకుంది. చాలదని లోపల ఎవరో అంటున్నారు.

"మర బిగిసిపోయిందా?" అన్నాడు గోవిందరావు. కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో అంతవరకూ ఉన్నది పోయి ఇంకేదో వచ్చింది. "ఏదీ."

"ఒరే, ఈ రోజు పనిముట్టు ముట్టకూడదన్నావు కదా," అంది మామ్మ. అడకత్తెర బాకీ ఆవిడ మరిచిపోలేదు.

"స్పానరు ముట్టను కదే అమ్మా. చెయ్యే కదా."

"చెయ్యి పనిముట్టు కాదేటి? ఏడాదంతా అరిగేది అదే కదా?"

"దానికి బొట్టు పెట్టినానా? పెట్టనేదు. అందుకే దానికి సెలవు నేదు."

 సత్యవాణి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

గోవిందరావు వీధిలోకి పోయి, రష్మిత సైకిల్ క్యారియర్‌కు కట్టిన ట్యూబు రబ్బరు విప్పుకొచ్చాడు. కెమెరాను ఒళ్ళో పెట్టుకుని, ఆ రబ్బరు పట్టీని ఫిల్టర్ అంచు చుట్టూ ఒక్క వరస చుట్టాడు. "మీ హాస్టలోళ్ళు ఏటి సేసుంటారు? రెండు వేళ్ళతో పక్కల్నుంచి పిండి తిప్పుంటారు. పిండితే గుండ్రం కాస్తా కోడిగుడ్డయిపోతాది. మర ఇంకా కరుసుకుంటాది. దీనికి బలం అక్కర్నేదమ్మా. సుట్టూ సమానంగా పట్టుకోవాలి." వేడి గిన్నె మీద మూత తీసేటప్పుడు పట్టినట్టు ఐదు వేళ్ళూ చుట్టూ పరిచాడు. బొట్టుకు ఒక్క వేలూ తగలలేదు. ముందు వెంట్రుకవాసి బిగించాడు. రష్మిత "అయ్యో, అటు కాదు అంకుల్" అంటే, "తెలుసు, నిద్ర లేపుతున్నాను" అన్నాడు. తర్వాత ఇటు తిప్పాడు.

కిర్రుమంది. ఇంకొంచెం. ఆ తర్వాత జాడీ మూతలా తిరుగుతూ పైకి వచ్చేసింది.

బొట్టు చెక్కుచెదరని అద్దం ఆయన చేతిలో ఉంది. లెన్సు లోపలి అద్దం మీద నెమలి మెడ రంగు తళుక్కుమంది. మరకన్నది లేదు. "మీరు క్యాంపస్‌కు రావాలె అంకుల్," అంది రష్మిత, "మా దగ్గర బిగుసుకపోయినవి చానా ఉన్నయ్."

గోవిందరావు ఆ అద్దాన్ని తీసుకెళ్ళి స్పానర్లకూ ఆకురాయికీ మధ్య, ఇందాకటి చోటులోనే పెట్టాడు. కెమెరాను కూడా దాని పక్కనే పెట్టబోయాడు.

"పెదనాన్నా."

అందరూ తిరిగి చూశారు. విష్ణుప్రియ నేల మీంచి లేచి నిలబడింది. చెవులు వేడెక్కాయి గానీ, మాట ఆగలేదు. "అది ఇప్పుడు తీసుకోవచ్చా నేను? రేపటిదాకా ఆగాలా?"

గోవిందరావు కెమెరాను చేతిలో పట్టుకునే ఆలోచించాడు. పటం వైపు చూశాడు. ముప్ఫై నాలుగేళ్ళ నియమం, ఊరికే పోదు.

"బొట్టు దేనికుంది?" అన్నాడు.

"ఆ అద్దానికి."

"సెలవు దేనికి?"

"దానికే."

"మరి దీనికేటి? ఎల్లు, పని సేయించు."

స్టాండు కోసం ఇల్లంతా వెతికారు. మూడు కాళ్ళూ చాపుకుని మామ్మ గదిలో దొరికింది, ఆవిడ తడి తుండుగుడ్డ మోస్తూ. "బట్టలారేసుకునేది అనుకున్నానే," అంది మామ్మ, "అందుకే వాడి బొట్టు తప్పించుకుంది సూడు, నా పుణ్యం."

రష్మిత పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "నేను రాను. నువ్వే తియ్యి. అన్నీ ఆదివారం చెప్పిన గద. ముందు అద్దం ఇప్పుడు ఒట్టిదే ఉంది, పక్క నుంచి వెలుగు పడితే బొమ్మ పాలిపోతది, చూసుకో. ఆంటీ, ఖిచుడీ పెడతనన్నరు?"

విష్ణుప్రియ తులసికోట పక్కన స్టాండు నిలబెట్టింది. కాళ్ళు తడి మట్టిలో దిగబడకుండా కింద పెంకు ముక్కలు పెట్టింది. ట్యాంకు పైనున్న వెలుగు వైపు లెన్సు తిప్పి, వెనక తెరలో వెతికింది. ముందు ఏమీ లేదు. తర్వాత తెల్లటి మసక ఒకటి ఈదుకుంటూ వచ్చి మళ్ళీ జారిపోయింది. ఇంకోసారి పట్టుకుంది. రింగు వెంట్రుకవాసి తిప్పింది. మసక దగ్గరపడింది. ఇంకొంచెం. గీత వెంట గుంటలు లేచాయి. గట్లు లేచాయి. ఒక గుంట అడుగున ఒక్క చుక్క వెలుగు, చుట్టూ నల్లటి నీడ. దొంగ చంద్రుడు లేడు.

కానీ అంతటి మీదా పలచగా పాలు కలిపినట్టు ఉంది. వెనక్కి తిరిగి చూసింది. తెరిచిన తలుపులోంచి వంటింటి ట్యూబులైటు గట్టు మీదికీ, తన భుజం మీదికీ, లెన్సు అంచు మీదికీ పడుతోంది. లోపల కంచాల చప్పుడు, నవ్వులు. రష్మితకు రెండోసారి వడ్డిస్తున్నారు. "పిల్లొక్కర్తీ చీకట్లో ఉంది, తలుపు తీసే ఉంచండి, పురుగూ పుట్రా తిరుగుతాది," అని మామ్మ గొంతు.

గోవిందరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "దొరికినాడా?"

"దొరికినాడు. పెదనాన్నా, తలుపు ఏసేయ్."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "ఏసెయ్యనా? నువ్వు బయటే ఉంటావా?"

"ఉంటాను. వెలుగు పడుతోంది. గట్టిగా ఏసేయ్."

గోవిందరావు ఒక్క క్షణం ఆ పిల్లను ఎగాదిగా చూశాడు. గడప మీద ఆరేసిన గోనెపట్టా అడ్డొస్తుంటే కాలితో పక్కకు తోశాడు. లోపల్నుంచి మామ్మ ఏదో అంటోంది. "నువ్వూరుకోయే అమ్మా, దానికి కావాలట," అని, రెండు రెక్కలూ దగ్గరకు లాగి తలుపు మూసేశాడు.